వాడ పాట చరిత్ర – 7: మార్కుల షీటులో నాలుగో కాలమ్

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతాను.

కొన్నేళ్ల కింద ఒక యువజనోత్సవంలో పాటల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ముగ్గురం కూర్చున్నాం. చేతికి మార్కుల షీటు ఇచ్చారు. అందులో నాలుగు కాలమ్‌లు: శ్రుతి, లయ, భావం, ఉచ్చారణ. ఒక్కోదానికి 10 మార్కులు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి వచ్చి వరినాట్ల పాట అందుకుంది. వాళ్ల నానమ్మ పాట. రెండు చరణాలు అయ్యేసరికి వెనక బెంచీల్లో గోల చేస్తున్న పిల్లలు కూడా ఊరుకున్నారు. నేను మూడు కాలమ్‌లు బాగానే నింపాను. నాలుగో దగ్గర పెన్ను ఆగింది. ఆమె చెరువును 'సెరువు' అన్నది. చేనును 'సేను' అన్నది. శివుడు 'సివుడు' అయ్యాడు. 4 వేశాను. ఆ ఒక్క కాలమ్ దగ్గరే ఆమెకు మూడో బహుమతి కూడా పోయింది.

పోటీ అయిపోయాక నా దగ్గరికి వచ్చింది. కోపంతో కాదు, నిజంగానే సందేహం అడగడానికి.

"సార్, మా నానమ్మ అట్లనే పాడుతది. పోటీ కోసం నేను మార్చి పాడాల్నా?"

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నవాడిని. జవాబు దొరకలేదు. మా నానమ్మ కూడా చచ్చిపోయేదాకా 'సెరువు' అనే అన్నది.

ఆ అమ్మాయి ఆ తర్వాత ఏ పోటీకీ పేరు ఇవ్వలేదని తెలిసింది. ఈ భాగం ఆమె అడిగిన దానికి ఆలస్యంగా రాస్తున్న జవాబు.

* * *

డప్పు మీద రాసిన పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్క ప్రశ్నే అడిగారు. "అన్నా, టీవీ పోటీల్లో మన పాట ఎందుకు గెలవదు?" మీలో కొందరు 2025 ఏప్రిల్ నాటి గొడవను గుర్తు చేశారు. 'పాడుతా తీయగా'లో పాల్గొన్న ఒక యువ గాయని న్యాయనిర్ణేతలు పక్షపాతం చూపారని బహిరంగంగా ఆరోపించింది. అటువైపు వాళ్లు ఖండించారు. కొన్నాళ్లు యూట్యూబ్ నిండా అదే. అందులో ఎవరి మాట నిజమో తేల్చే పని నేను పెట్టుకోవడం లేదు. ఆ గొడవలో ఎవరూ అడగని ఇంకో సంగతి ఉంది.

జడ్జి పూర్తిగా నిజాయితీపరుడే అనుకుందాం. సిఫార్సు లేదు, బంధుప్రీతి లేదు, చానల్ ఒత్తిడి లేదు. అప్పుడు మన పాటకు న్యాయం జరుగుతుందా? ఆ రోజు నేను నిజాయితీగానే మార్కులు వేశాను. పైగా ఆ అమ్మాయి పుట్టినలాంటి వాడలోనే నేనూ పుట్టాను. అయినా అన్యాయం జరిగింది, నా చేతులతోనే జరిగింది. కాబట్టి కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. వాళ్ల చేతిలో ఉన్న కొలబద్ద ఎక్కడిదో అడగాలి. అది టీవీ స్టూడియోలో తయారైంది కాదు. చాలా వెనక నుంచి వచ్చింది.

* * *

టీవీకి, రేడియోకి ముందు మనకు సభ ఉండేది. అవధాన సభ, సాహిత్య సభ, సంగీత సభ. ఎవరు పాడాలి, ఎవరు తల ఊపాలి, ఎవరు గుమ్మం బయట ఆగాలి అన్నది అక్కడే తేలేది.

గుర్రం జాషువా సంగతి మీకు తెలుసు. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులం వాడిని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఛందస్సు, యతి, ప్రాస, ఉచ్చారణ, ఏ కాలమ్‌లో చూసినా జాషువాకు ఒక్క మార్కు తగ్గించడానికి వీల్లేదు. వాళ్ల కొలబద్ద మీదే వాళ్లను మించిపోయాడు. అప్పుడు కొలబద్దను పక్కన పెట్టి కులం అడిగారు. తర్వాత రోజుల్లో తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అదే జాషువా కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగాడు. అది చెళ్లపిళ్ల గొప్పతనం, కాదనను. కానీ మన పిల్లలకు మిగిలిన పాఠం మాత్రం ఇది: వాళ్ల కొలబద్ద మీద నూటికి నూటయాభై తెచ్చుకో, అప్పుడు ఆలోచిస్తాం.

అదే జాషువా 1950ల చివర్లో మద్రాసు రేడియో కేంద్రంలో ప్రొడ్యూసర్‌గా పనిచేశాడు. మన కథలో రెండో మజిలీ ఆ రేడియోనే.

* * *

ఆకాశవాణి 1940లో హార్మోనియంను తన సంగీత కార్యక్రమాల నుంచి నిషేధించింది. కారణం సంగీతశాస్త్రం చెప్పిందే. మెట్ల పెట్టెలో స్వరాలు బిగించి ఉంటాయి, గమకాలు పలకవు, అది మన సంగీతానికి పనికిరాదు అన్నారు. నిషేధం 1971 దాకా ఉంది. శాస్త్రం సంగతి పండితులు చూసుకుంటారు. మనవైపు నుంచి ఒక్కసారి చూడండి. వాడ చర్చిలో ఏముంది? హార్మోనియం. చిందు భాగవతంలో మేళం పక్కన ఏముంది? హార్మోనియం. భజన గుడిసెలో, సురభి నాటకంలో, పద్యనాటకంలో ఏముంది? ఆ పెట్టే. వీణ కొనలేని, గురువు ఇంటి గడప తొక్కలేని వాళ్లకు శ్రుతి అందించింది అదే. దాన్ని గాలిలోకి రానివ్వలేదు. ఏ జీవోలోనూ కులం పేరు లేదు. అవసరం కూడా లేదు.

తర్వాత బి.వి. కేస్కర్ వచ్చాడు. 1952 నుంచి 1962 దాకా సమాచార ప్రసార శాఖ మంత్రి. శాస్త్రీయ సంగీతంతో దేశం చెవిని బాగుచేయాలన్నది ఆయన పట్టుదల. సినిమా పాటను రేడియోలో బాగా కట్టడి చేశాడు. జనం రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టక తప్పలేదు. సినిమా పాట గెలిచింది, ఎందుకంటే దాని వెనక మార్కెట్ ఉంది. వాడ పాట వెనక మార్కెట్ లేదు.

కేస్కర్ కాలంలోనే ఆడిషన్ పద్ధతి గట్టిపడింది. కళాకారుడు మైకు ముందు పాడాలి. బోర్డు వినాలి. నెగ్గితే బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడు. గ్రేడును బట్టి పారితోషికం. సిఫార్సుల బెడద తగ్గించడానికి ఇది మంచి ఏర్పాటే. ఆ రోజుల్లో మైకు ముందుకు రాలేని చాలామందికి దారి కూడా చూపింది. కానీ పాటను ఇలా వినాలి అనే అలవాటు ఒకటి మనలో స్థిరపడింది ఇక్కడే. ఒక మనిషి. ఒక గొంతు. ఒక మూసిన గది. వినేవాళ్లకు ఆ మనిషి ఊరు తెలియదు, పని తెలియదు, పాట ఎవరికోసం పుట్టిందో తెలియదు. జానపదానికి వేరే అర. శాస్త్రీయం ఒక మెట్టు, లలితం ఒక మెట్టు, జానపదం ఇంకో మెట్టు. కుల వ్యవస్థలాగే సంగీతానికీ నిచ్చెన పడింది.

* * *

1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. 1996లో 'పాడుతా తీయగా' వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపాడు. మా తరం పిల్లలం ఆ కార్యక్రమం ముందు కూర్చుని పెరిగినవాళ్లమే. వాడలో టీవీ ఉన్న ఇంటి ముందర చాప పరుచుకుని చూసేవాళ్లం. ఆయన గురించి తేలిగ్గా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పాట రాసిన కవి పేరు, బాణీ కట్టిన సంగీత దర్శకుడి పేరు చెప్పించి పాడించడం ఆయన నేర్పిన మర్యాద. పిల్లలు తప్పు పాడితే నవ్వుతూ సరిదిద్దేవాడు.

ఆయన సొంత కథలోనే ఒక విశేషం ఉంది. పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడు కాదు. ఆ మాట ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో మొదటి బహుమతి గెలిచాడు. 1966లో ఎస్.పి. కోదండపాణి సినిమాలో పాడించాడు. 1980లో వచ్చిన 'శంకరాభరణం'కు జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. సర్టిఫికెట్ లేని గొంతు శాస్త్రీయ బాణీల పాటలకు జాతీయ స్థాయిలో గెలిచింది. శిక్షణ లేకపోయినా ప్రతిభ ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకుడు. ఆ భాష, ఆ పద్యం, ఆ ఉచ్చారణ ఇంట్లో గాలిలోనే ఉన్నాయి. చెవి ఇంట్లో తయారవుతుంది. హరికథ వినిపించే ఇంట్లో ఒక చెవి, నాట్ల పాట వినిపించే ఇంట్లో ఇంకో చెవి. మార్కుల షీటు మొదటి చెవికి మాత్రమే 'ప్రతిభ' అని పేరు పెట్టింది.

'పాడుతా తీయగా'తో శ, ష, స తేడా, ళ, ల తేడా తెలుగు ఇళ్లలో చర్చగా మారాయి. కాలేజీ పోటీల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో ఉచ్చారణ కాలమ్ బలపడింది. నా చేతికి వచ్చిన షీటు ఆ వారసత్వమే.

* * *

ఇప్పుడు తెలుగు మాస్టారుగా కొంచెం మాట్లాడతాను. ఓపిక పట్టండి, ఇది పరీక్షలో కూడా పనికొస్తుంది.

1858లో అచ్చయిన 'బాలవ్యాకరణం'లో చిన్నయసూరి మొట్టమొదట అక్షరాల లెక్క చెప్తాడు. సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36. ఆ 36లో శ లేదు. ష లేదు. ఖ, ఘ, ధ, భ లాంటి మహాప్రాణాలు లేవు. అవన్నీ సంస్కృత పదాల వెంట వచ్చినవి. అంటే 'శివుడు'ను 'సివుడు' అన్న అమ్మాయి తెలుగు తప్పు పలకలేదు. సంస్కృతం మాటను తెలుగు నోటితో పలికింది.

సరే, 'సెరువు' సంగతి? ఇది ఇంకా ఆసక్తికరం. పాత కావ్యాల్లో ఆ మాట 'చెఱువు'. బండి ఱ తో. ఆ ఱ శబ్దం ఈ రోజు ఎవరి నోటా లేదు. పండితుల నోటా లేదు, నా నోటా లేదు. ఎప్పుడో ర లో కలిసిపోయింది. దాన్ని మనం భాషలో వచ్చిన మార్పు అంటాం, క్లాసులో పాఠం చెప్తాం. ఒకే మాటలో రెండో అక్షరం మార్చి పలికిన నాకు జడ్జి కుర్చీ దొరికింది. మొదటి అక్షరం మార్చి పలికిన ఆమెకు 6 మార్కులు పోయాయి. ఏది మార్పు, ఏది దోషం అన్నది అక్షరాన్ని బట్టి తేలలేదు. పలికిన నోటిని బట్టి తేలింది.

ఉచ్చారణ అసలే అక్కర్లేదని నేను అనడం లేదు. కళ్లు, కల్లు ఒకటైపోతే అర్థం పోతుంది. జాషువా పద్యం పాడేటప్పుడు జాషువా రాసిన శబ్దమే పలకాలి. కానీ నాట్ల పాటకు మూలప్రతి ఏది? ఆ నానమ్మ నోరే. మూలప్రతికి తేడా రాకుండా పాడిన అమ్మాయికి నేను పాఠదోషం అంటగట్టాను.

* * *

జడ్జి కుర్చీలో మన పాట తెలిసినవాళ్లే కూర్చుంటే ఏమవుతుంది? అదీ జరిగింది. మా టీవీలో 'రేలా రే రేలా' వచ్చింది. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ లాంటి వాళ్లు న్యాయనిర్ణేతలు. సినిమా పాటకు కాకుండా పల్లె పాటకు ఒక పూర్తి వేదిక. ఊళ్ల నుంచి పిల్లలు గోచీ కట్టు, గజ్జెలు, డప్పులతో స్టూడియోకి వచ్చారు. వాళ్ల యాస అక్కడ దోషం కాలేదు, అర్హత అయింది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ కాలంలో ఈ గొంతుల విలువ మనకు తెలుసు.

కానీ కొత్త చిక్కు అక్కడే పుట్టింది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం 'సారంగ దరియా' పాట వచ్చింది. సుద్దాల రాశాడు. అది తాను సేకరించిన జానపదమని, 'రేలా రే రేలా'లో తాను పాడిన పాట అని కోమలి అనే గాయని ముందుకొచ్చింది. జానపదం ఎవరి సొంతమూ కాదని కవి వాదన. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని బహిరంగంగా చెప్పాడు.

ఎవరినీ దొంగ అనడానికి దీన్ని చెప్పడం లేదు. ఇక్కడ చట్టం ఎలా పనిచేస్తుందో చూడండి. కాపీరైట్ చట్టానికి రచయిత కావాలి. కాగితం మీద పేరు కావాలి. నాటేస్తూ పాట కట్టిన మనిషికి కాగితం లేదు. అందుకని ఆ పాట 'అందరిదీ' అవుతుంది. అందరిదీ అయిన దానికి నాలుగు కొత్త చరణాలు రాస్తే మాత్రం అది ఒకరిది అవుతుంది. మన భూమి విషయంలో కూడా జరిగింది ఇదే కదా. దున్నిన వాడికి పట్టా లేదు, పట్టా ఉన్నవాడు దున్నలేదు.

అంటే కుర్చీ మారితే యాస సమస్య తీరింది. హక్కు సమస్య తీరలేదు.

* * *

మరి మన కొలబద్ద అంటూ ఏమైనా ఉందా? ఉంది.

నాట్ల పాటలో ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకున్నామె గొంతు ఆగితే ఇంకొకామె ఎత్తుకుంటుంది. నడుములు వంగి ఉంటాయి, చేతులు నారు పట్టుకుని ఉంటాయి, లయ ఆ చేతులది. ఇందులో నుంచి ఒక్కామెను బయటికి తీసి, మైకు ముందు నిలబెట్టి, శ్రుతి బాగోలేదంటే ఎట్లా? పోటీ వెతికేది ఒంటరి గొంతును. వాడ పాటలో ఒంటరి గొంతే లేదు. ఆ అమ్మాయి పాట అందుకోవడానికి ఆ రోజు వేదిక మీద ఎవరూ లేరు. భావం కాలమ్‌లో నేను 8 వేశాను. పక్కన ఇంకో నలుగురు ఉండి ఉంటే ఆ పాట ఎట్లా ఉండేదో ఊహించలేదు.

డప్పుకు శ్రుతి పెట్టె ఉండదు. మంట దగ్గర కాపుతారు. చేత్తో తట్టి చూస్తారు. సిర్ర దెబ్బకు, సిటికెన పుల్ల దెబ్బకు తేడా ఖంగుమని వినిపిస్తేనే వాయిస్తారు. అది శ్రుతి చేయడం కాదా? చిందు భాగవతానికి జడ్జి జనమే. తెల్లవార్లూ కూర్చుంటే నెగ్గినట్టు, నడిరేయికి లేచి పోతే ఓడినట్టు.

ఇక్కడ మనల్ని మనం కూడా అడగాలి. డక్కలివాళ్లు మాదిగల గోత్రాలు, జాంబపురాణం చెప్తారు. కిన్నెర వాళ్లది. వాళ్ల కథ విని దానం చేసేది మన పెద్దలే. జడ్జి కుర్చీలో మనం, నేల మీద వాళ్లు. వాళ్లను ఇంట్లోకి రానివ్వని రోజులు మన వాడలో కూడా ఉన్నాయి. నిచ్చెనమెట్ల వ్యవస్థ గురించి అంబేడ్కర్ చెప్పింది ఇదే. కింద మెట్టు మీద ఉన్నవాడికి కూడా తొక్కడానికి ఇంకో మెట్టు చూపిస్తుంది అది. నేను ఆ అమ్మాయికి 4 వేసినప్పుడు నా కాలి కింద ఉన్నది ఆ మెట్టే.

12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య 2021లో 'భీమ్లా నాయక్' పాటతో అందరికీ తెలిశాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తూ వార్తల్లో కనిపించాడు. దేశం ఇచ్చే పెద్ద మార్కుల్లో ఒకటి ఆయనకు పడింది. తిండికి అది చాల్లేదు. గుర్తింపు వేరు, బతుకుదెరువు వేరు. మన పోరాటం మొదటిదాని దగ్గరే ఆగిపోతే ఇట్లాగే అవుతుంది.

* * *

ఏప్రిల్ వస్తే ఫూలే, అంబేడ్కర్ జయంతులకు మీరంతా కాలేజీల్లో, హాస్టళ్లలో పాటల పోటీలు పెడతారు. నన్ను జడ్జిగా పిలుస్తారు. ఇకమీదట నన్ను పిలిచే ముందు ఈ నాలుగు మాటలు ఆలోచించండి.

ఒకటి. జానపద విభాగంలో ఉచ్చారణ కాలమ్ తీసేయండి. దాని బదులు ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ ఊరు, ఏ పని చేస్తూ పాడతారు అని అడగండి. దానికి మార్కులు వేయండి.

రెండు. పాడే ముందు నేర్పిన మనిషి పేరు మైకులో చెప్పించండి. ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, పేరు, ఊరు రాసి దాచండి. రేపు ఎవరైనా 'ఇది అందరిదీ' అంటే మీ దగ్గర కాగితం ఉండాలి.

మూడు. ఒక్కరే పాడాలన్న నియమం వద్దు. ఎత్తుకునేవాళ్లతో పాటు అందుకునేవాళ్లను కూడా వేదిక ఎక్కనివ్వండి. బహుమతి గుంపుకు ఇవ్వండి.

నాలుగు. ముగ్గురు జడ్జీల్లో ఒక కుర్చీ నాట్లు వేసే అమ్మకో, చిందు కళాకారుడికో, డక్కలి పెద్దకో ఇవ్వండి. ఆటో ఖర్చులు, శాలువా, గౌరవ పారితోషికం నాకు ఇచ్చినంతే ఇవ్వండి. తక్కువ కాదు.

ఆ అమ్మాయికి నా జవాబు కూడా ఇక్కడే రాస్తున్నాను. చెల్లే, మార్చి పాడాల్సిన పని లేదు. మీ నానమ్మ పాట సరిగ్గానే ఉంది. ఆ రోజు తప్పు పోయింది నేను. నువ్వు ఇది చదువుతుంటే, ఆ పాట పూర్తిగా నాకు మళ్లీ వినిపించు. ఈసారి నానమ్మను కూడా తీసుకురా. మార్కుల షీటు తీసుకురాను.

వచ్చే భాగంలో వాడ చర్చిల్లో పుట్టిన తెలుగు కీర్తనల గురించి, హార్మోనియం గురించి రాస్తాను. మీ ఊళ్లో పాత హార్మోనియం మేస్త్రీలు ఎవరైనా ఉంటే, వాళ్లను అడిగి నాకు చెప్పండి.

జై భీమ్.